నీ పాటలో అన్నిటికంటే మంచి షాట్ 14 ఫ్రేములే ఉంది తమ్ముడూ

తమ్ముడూ, పాట మూడుసార్లు చూశాను. ఒకసారి ఫోన్‌లో, ఒకసారి పెద్ద మానిటర్ మీద సౌండ్ ఆపేసి, ఇంకోసారి కళ్ళు మూసుకుని పాట ఒక్కటే విన్నాను. ముందు నువ్వు చెప్పింది ఒకసారి చెప్పుకుందాం. వైజాగ్‌లో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ కుర్రాళ్ళు ఐదుగురు కలిసి చేసిన ప్రైవేట్ సాంగ్, ఊరు వదిలి హాస్టల్‌కొచ్చిన అబ్బాయికి ఇంటి మీద బెంగ, 3 నిమిషాల 36 సెకన్ల పాట, కెనాన్ 200డి, కిట్ లెన్సు, ఒక 50ఎంఎం లెన్సు, ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో. లైటింగ్ ఫ్లాట్‌గా ఉందంటున్నారు, ఇంత ఫాస్ట్‌గా కట్ చేసినా బోర్ కొడుతోందంటున్నారు, ఏం కొనాలి అన్నా, లైట్లా కొత్త కెమెరానా అని అడిగావు.

ఏమీ కొనకు. నీకు కావాల్సిన లైటింగు, నీకు కావాల్సిన ఎడిటింగు రెండూ నీ ఫుటేజ్‌లోనే ఒకే ఒక్క షాట్‌లో ఉన్నాయి, ఆ షాట్ నువ్వే తీశావు, తీసి కూడా దాని విలువ గుర్తుపట్టలేదు, అదే నా బాధ.

2:09 దగ్గర, రెండో చరణం మొదలవ్వగానే, పెంకుటిల్లు, గడప లోపల అమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. కుడి చెంప మీద తలుపులోంచి వచ్చే వెలుతురు, ఎడమవైపు మొహం మెల్లగా ఇంటి చీకట్లోకి కలిసిపోతోంది, వెనకాల ఇత్తడి బిందె అంచు మాత్రం సన్నగా మెరుస్తోంది. ఫ్రేమ్ ఫ్రేమ్‌కి జరిపి లెక్కపెట్టాను, 14 ఫ్రేములు. నీ పాట 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 బీట్లు, టైంలైన్ సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్క బీట్‌కి 14 ఫ్రేముల చిల్లర. ఆవిడకి పాట మొత్తంలో ఒక్క బీట్ కూడా పూర్తిగా ఇవ్వలేదు నువ్వు. కానీ చివర్లో పేర్లు పడేటప్పుడు పక్కన మేకింగ్ బిట్స్ వేశావు చూడు, అందులో ఇదే షాట్ దాదాపు 10 సెకన్లు ఉంది. బియ్యం ఏరుతూ ఉంటారు, దూరంగా రోడ్డు మీద బస్సు హారన్ వినిపిస్తుంది, చెయ్యి ఆగిపోతుంది, తలెత్తి వీధి వైపు చూస్తారు, ఎవరూ రాలేదు, మళ్ళీ చేటలోకి చూస్తారు. ఆ తలెత్తడం అసలు పాటలో లేదు! కొడుకు కోసం ఎదురుచూసే తల్లి అని నువ్వు పాటంతా చెప్పాలనుకున్న మాట ఆవిడ ఒక్క చూపులో చెప్పేశారు, నువ్వు దాన్ని మేకింగ్‌లో పడేశావు.

లైటింగ్ సంగతి ముందు. ఆ షాట్‌కి ఎవరూ లైట్ పెట్టలేదు కదా, అయినా ఎందుకంత బాగుంది అని కూర్చుని ఆలోచించు. తలుపు అంటే ఆరడుగుల ఎత్తు మూడడుగుల వెడల్పున్న పెద్ద లైటు, అది మనిషికి దగ్గరగా ఉంది, పక్కనుంచి వస్తోంది, పైగా ఆ ఒక్కటే ఉంది. పెద్దది కాబట్టి నీడ అంచులు మెత్తగా ఉన్నాయి, పక్కనుంచి వస్తోంది కాబట్టి మొహానికి ముక్కు, చెంప ఎముక, ముడతలు అన్నీ తెలుస్తున్నాయి, ఒక్కటే కాబట్టి చీకటి చీకటిలాగే ఉంది. ఇప్పుడు 0:31 దగ్గర హాస్టల్ రూం చూడు. పైన ట్యూబ్‌లైటు, కెమెరా పక్కనే రింగ్ లైటు, ఇంకో మూల నుంచి ఎల్‌ఈడీ ప్యానెల్, మూడూ ఫుల్‌గా వెలుగుతున్నాయి. అబ్బాయి వీపు గోడకి ఆనించి కూర్చున్నాడు, వాడి నీడ గోడ మీద రెండుచోట్ల పడుతోంది. మొహం, గోడ, క్యాలెండర్, బకెట్ అన్నీ ఒకే వెలుతురులో ఉన్నాయి, కంటికి ఎక్కడ ఆగాలో తెలీట్లేదు. ఫ్లాట్‌గా ఉందని జనం అంటున్నది దీన్నే, లైట్లు తక్కువై కాదు, ఎక్కువై.

ఆ గడప దగ్గర వెలుతురునే రూంలో తయారు చెయ్యొచ్చు. ట్యూబ్‌లైట్ ఆపెయ్, రింగ్ లైట్ తీసెయ్. మంచాన్ని గోడ నుంచి ఆరేడు అడుగులు లాగు, రూం చిన్నదైతే వాణ్ణి మూల నుంచి మూలకి ఐమూలగా కూర్చోబెట్టు, ఎంత దూరం దొరికితే అంత. పక్కన, కెమెరా వైపు కాకుండా వాడి చెవికి ఎదురుగా, ఒక తెల్ల పంచె తాడుకి వేలాడదియ్, దాని వెనక నీ ప్యానెల్ పెట్టు. పంచె మొత్తం వెలగాలి, మధ్యలో చిన్న మచ్చలాగా వెలిగితే ప్యానెల్‌ని పంచెకి ఇంకాస్త దూరం జరుపు. ఆ పంచె మనిషికి మూడడుగుల్లో ఉండాలి. ఎందుకంటే లైటుకి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. మొహం మూడడుగుల్లో, గోడ తొమ్మిదడుగుల్లో ఉంటే గోడ మీద పడేది తొమ్మిదో వంతు దగ్గరదగ్గరగా ఉంటుంది, గోడ దానంతట అదే చీకట్లోకి వెళ్ళిపోతుంది. రెండోవైపు తెల్ల గోడ వెలుతురు తిప్పికొడుతుంటే అక్కడ నల్ల దుప్పటి కట్టు. మరీ చీకటైపోతే దుప్పటి తీసేసి థర్మాకోల్ షీట్ ముక్క పట్టుకోమను, సెట్లలో కూడా మేం చేసేది అదే, ఎంత పెద్ద లైటు తెచ్చినా చివరికి ఒకడు థర్మాకోల్ పట్టుకుని నిలబడాల్సిందే. ఒక్క జాగ్రత్త, టెంట్ హౌస్ నుంచి హాలోజన్ తెస్తే మాత్రం పంచె, ట్రేసింగ్ పేపర్ దగ్గరగా పెట్టకు, అంటుకుంటుంది.

ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. మీ సింగర్ అబ్బాయిది చామనచాయ, చక్కటి మొహం. ఎక్స్‌పోజర్ పెంచి, డీఐలో, అంటే ఎడిటింగ్ తర్వాత రంగులు దిద్దేటప్పుడు, ఇంకాస్త లేపి వాణ్ణి తెల్లగా చెయ్యాలని చూశావు, దాంతో చర్మం బూడిద రంగుకి తిరిగింది, నుదురు మీద డీటెయిల్ పోయింది. అలా చెయ్యకు, ఎవరికీ చెయ్యకు. అలాంటి చర్మం మీద పక్కనుంచి పెద్ద మెత్తటి లైటు పడితే చెంప మీద, ముక్కు మీద ఒక నిగారింపు వస్తుంది, అదే అందం, దాన్ని పౌడర్ కొట్టి చంపకు. ఇంకోటి, వాడికి తళతళలాడే తెల్ల చొక్కా వేశావు, చొక్కా కాలిపోకుండా, అంటే మడతలు కూడా కనిపించనంత తెల్లగా అయిపోకుండా, చూస్తే మొహం చీకటి, మొహం చూస్తే చొక్కా కాలిపోయింది. మట్టి రంగో, ముదురు ఆకుపచ్చో, మెరూనో వేసుంటే ఈ గొడవే లేదు. కాస్ట్యూమ్ కూడా లైటింగే.

బీచ్ షాట్స్. సాయంత్రం ఐదింటికి, సింగర్ వెనకాల సముద్రం పెట్టి తీశావు. గోవా రీల్స్‌లో సముద్రం వెనక ఎర్రటి సూర్యుడు చూసి ఉంటావు, కానీ మనది తూర్పు తీరం, మన సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సముద్రంలోకి వెళ్ళడు. సాయంత్రం ఎండ నీ కెమెరా వెనకనుంచి నేరుగా వాడి మొహం మీద కొట్టింది, అందుకే కళ్ళు చిట్లించి పాడుతున్నాడు, అందుకే వెనక సముద్రం చదునుగా పరదాలాగా ఉంది. తెల్లారి వెళ్ళండి. వైజాగ్‌లో మే నెలైతే ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. ముందురోజే స్పాట్ చూసుకుని, చీకటి ఉండగానే చేరుకుంటే సూర్యుడు వచ్చాక ఓ ఇరవై నిమిషాలు మంచి వెలుతురు దొరుకుతుంది, మూడు షాట్లు అనుకుని వెళ్ళండి, పది అనుకుంటే మూడు కూడా రావు. వెనకనుంచి ఎండ జుట్టు మీద, భుజం మీద గీతలా పడుతుంది, అలల మీద మెరుపు ఉంటుంది, మొహానికి థర్మాకోల్ చాలు. ఎక్స్‌పోజర్ మొహానికి చూసుకో, ఆకాశం కాస్త తెల్లబడితే తెల్లబడనీ.

టెర్రస్ మీద రాత్రి సీన్‌లో రెండు తప్పులున్నాయి. ఒకటి ఆటో వైట్ బ్యాలెన్స్. కెమెరా పక్కకి తిరుగుతుంటే పసుపు బల్బు ఫ్రేమ్‌లోకి రాగానే మొత్తం రంగు మారిపోయింది, మొహం పసుపు నుంచి నీలానికి మధ్యలోనే వెళ్ళింది, దీన్ని డీఐలో సరిచెయ్యడం నరకం. వైట్ బ్యాలెన్స్‌ని వైట్ ఫ్లోరసెంట్ ప్రీసెట్‌లో లాక్ చేసెయ్, పసుపు బల్బు పసుపుగా, ట్యూబ్‌లైటు చల్లగా ఉంటాయి, రెండు రంగులూ ఉంటే బాగుంటుంది కూడా.

రెండోది స్లో మోషన్‌లో పాకుతున్న అడ్డ చారలు. దీని మీద నువ్వు కెమెరా పాడైందేమో అని రాశావు, పాడవ్వలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. నువ్వు సెకనుకి 60 ఫ్రేముల్లో షటర్ సెకనులో 1/125 వంతు పెట్టావు, ఆ కాస్త టైంలో లైటు ఒక చుట్టు కూడా పూర్తి చెయ్యదు, ఒక ఫ్రేమ్‌కి ఎక్కువ, ఒక ఫ్రేమ్‌కి తక్కువ అందుతుంది. షటర్ 1/50 లేదా 1/100 పెడితే ఏ ఫ్రేమ్‌కైనా పూర్తి చుట్లే పడతాయి, చారలు రావు. మెనూలో వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మార్చు, మామూలు షాట్లు 25 ఫ్రేములు 1/50, స్లో షాట్లు 50 ఫ్రేములు 1/100, అంతే, ఇంకేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేను కెమెరా అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఒక ఫంక్షన్ హాల్లో డాన్స్ షాట్లు ఇలాగే 60లో 1/125 పెట్టి పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా తీశాం, చిన్న మానిటర్‌లో చారలు కనిపించలేదు, ఎడిట్ టేబుల్ మీద కనిపించాయి, ఇరవై మంది డాన్సర్లని మళ్ళీ పిలిచే డబ్బు లేదు, ఆ బిట్ మొత్తం పోయింది. అప్పట్నుంచి ఏ బల్బు కింద తీసినా ముందు పది సెకన్లు టెస్ట్ తీసి ల్యాప్‌టాప్‌లో చూడకుండా మొదలుపెట్టను. నువ్వు తీసేసిన వాటికి రిజాల్వ్ ఫ్రీలో డీఫ్లికర్, అంటే ఈ చారలు తగ్గించే ఎఫెక్ట్, ఉండదు, అది స్టూడియో వెర్షన్‌లోనే. అదే క్లిప్‌ని పైన ఇంకో ట్రాక్‌లో ఒక్క ఫ్రేమ్ జరిపి ఒపాసిటీ సగం పెట్టి చూడు, చార చాలావరకు మెత్తబడుతుంది, మనిషి గట్టిగా కదిలే చోట మాత్రం దెయ్యంలా రెండు బొమ్మలు కనిపిస్తాయి, అక్కడ ఆ షాట్ వదిలెయ్యడమే.

డీఐ గురించి చిన్నమాట. నువ్వు వేసిన టీల్ ఆరెంజ్ లట్, అంటే ఆ రెడీమేడ్ రంగుల ఫైల్, లాగ్ ఫుటేజ్ కోసం, అంటే కావాలనే వెలిసిపోయినట్టు తీసే ఫుటేజ్ కోసం చేసింది, 200డిలో లాగ్ లేదు, మామూలు ఫుటేజ్ మీద వేసేసరికి నలుపులు ముద్దకట్టాయి, చర్మం నారింజ అయ్యింది. పైగా ఇది 8 బిట్ ఫుటేజ్, ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, గట్టిగా లాగితే ఆకాశంలో పట్టీలు పడతాయి, పడ్డాయి కూడా. లట్ తీసెయ్, తర్వాత తీసేటప్పుడు పిక్చర్ స్టైల్ న్యూట్రల్ పెట్టు, రిజాల్వ్‌లో రంగుల్ని గుండ్రటి గ్రాఫ్‌లో చూపించే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ ఇండికేటర్ గీత ఆన్ చేసి మొహాన్ని ఆ గీతకి దగ్గరగా తీసుకురా. తెల్లవాళ్ళైనా నల్లవాళ్ళైనా చర్మం ఆ గీత చుట్టుపక్కలే పడుతుంది.

ఇప్పుడు ఎడిటింగ్. మొదటి చరణం 48 సెకన్లు, అందులో 53 కట్స్. ఇంచుమించు ప్రతి సెకనుకీ ఒక షాట్ మారుతోంది, మధ్యలో గ్లిచ్, జూమ్, తెల్ల ఫ్లాష్. ఇంత వేగంగా ఉంటే బోర్ ఎందుకు కొడుతుంది అని నీ అనుమానం. ఏ మొహాన్నీ పూర్తిగా చూడనివ్వట్లేదు కాబట్టి కొడుతోంది. చూసేవాడికి ఒక మొహం మీద కన్ను కుదురుకుని ఆ మనసులో ఏముందో తట్టేలోపే ఇంకోటి వచ్చేస్తోంది, పది కట్స్ అయ్యాక వాడు వెతకడం మానేస్తాడు, ఇక బొమ్మలు వాటంతటవి పోతుంటాయి.

నువ్వు డ్రమ్‌కి కట్ చేశావు, సాహిత్యానికి చెయ్యలేదు. దీనికి ఒక్క ఉదాహరణ చాలు. రెండో చరణం మూడో లైన్‌లో అమ్మ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. పాట రాసిన కుర్రాడెవరో గానీ వాడికి నా తరఫున చెప్పు, ఎంత మామూలు మాటని ఎంత సరిగ్గా పెట్టాడో, ఇంటికి దూరంగా చదువుకున్న ప్రతివాడికీ ఆ మాట గుచ్చుకుంటుంది. సరిగ్గా ఆ మాట వినిపించేటప్పుడు తెర మీద ఏముంది? బీచ్ రోడ్డు మీద డ్రోన్ షాట్. డ్రోన్‌కి డబ్బు పెట్టాం కదా అని వేసి ఉంటావు, అర్థం చేసుకోగలను, కానీ ఆ మాటకి, ఆ రోడ్డుకి ఏ సంబంధం లేదు.

నేనైతే ఇలా చేస్తాను. తిన్నావా అనే లైన్ మొదలవ్వగానే గడప షాట్‌కి వస్తా. ఆ లైన్ రెండు బార్లు, అంటే ఎనిమిది బీట్లు, 4.8 సెకన్లు, ఆవిడ బియ్యం ఏరుతూనే ఉంటారు. లైన్ అయ్యాక ఇంకో రెండు బార్లు ఫ్లూట్ ఒక్కటే వస్తుంది కదా, అక్కడ కట్ చెయ్యను, అక్కడే చెయ్యి ఆగుతుంది, తలెత్తుతారు. మొత్తం 9.6 సెకన్లు, నీ దగ్గరున్న టేక్ నిడివికి సరిగ్గా సరిపోతుంది. చూపు మళ్ళీ చేటలోకి దిగాక హాస్టల్ మెస్‌లో కంచం ముందు కూర్చున్న అబ్బాయికి కట్. ఆ మెస్ షాట్ నీ మొదటి చరణంలో ఎక్కడో 20 ఫ్రేములు ఉంది, దాన్ని అక్కణ్ణుంచి తీసి ఇక్కడికి తీసుకురా. అప్పుడు ఆవిడ అడిగింది వీడికి వినిపించినట్టు ఉంటుంది, వీడు తినకుండా కూర్చున్నాడని మనకి తెలుస్తుంది. ఒక్క ఎఫెక్ట్ అక్కర్లేదు.

అంటే అన్నీ పదేసి సెకన్లు ఉంచమని కాదు. పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు డప్పు ఎక్కుతుంది చూడు, ఫ్రెండ్స్ టెర్రస్ మీద గంతులేసే బిట్, అక్కడ నీ కటింగ్ నిజంగా బాగుంది, ముట్టుకోవద్దు. ఒక్క చిట్కా, కట్ సరిగ్గా బీట్ మీద పెడితే కంటికి కాస్త ఆలస్యంగా అనిపిస్తుంది, ఒకటి రెండు ఫ్రేములు ముందే కట్ చేస్తే బీట్ పడే టైంకి కన్ను కొత్త షాట్‌లో ఉంటుంది. ఆ తొందర అక్కడ బాగుండాలంటే చరణంలో నిదానం ఉండాలి.

లిప్ సింక్. దీన్ని ఎవరూ నీకు చెప్పలేదంటే ఆశ్చర్యం. సింక్ చూడటానికి ప, బ, మ వచ్చే మాటలు పట్టుకో, ఆ అక్షరాలకి పెదాలు మూసుకోవాల్సిందే, మూసుకున్న ఫ్రేమ్‌కి, పాటలో అక్షరానికి తేడా ఎంతో అక్కడ తెలిసిపోతుంది. బీచ్ వైడ్ షాట్‌లో పెదాలు రెండు ఫ్రేములు లేటుగా ఉన్నాయి. మేకింగ్‌లో చూస్తే స్పీకర్ కెమెరా దగ్గర ఉంది, అబ్బాయి ఓ ముప్ఫై మీటర్ల దూరంలో ఉన్నాడు, సౌండ్ సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, కాబట్టి వాడికి పాట వినిపించేసరికే రెండు ఫ్రేములు అయిపోయింది. ఆ క్లిప్‌ని టైంలైన్‌లో రెండు ఫ్రేములు ఎడమకి, అంటే ముందుగా వచ్చేలా, లాగు, సరిపోతుంది. బస్సు కిటికీ షాట్‌లో మాత్రం మొదట్లో బాగానే ఉండి పోనుపోను తప్పుతోంది, అది ఫోన్‌తో తీశావు కదా, ఫోన్లు ఫ్రేమ్ రేటు నిలకడగా ఉంచవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చి అప్పుడు టైంలైన్‌లో వెయ్. ఇకపై సెట్‌లో నాగ్రా పెట్టినప్పుడు, అదే పాట ప్లే చేసినప్పుడు, కెమెరా మైక్ ఆన్‌లోనే ఉంచు, రిజాల్వ్‌లో ఆటో సింక్‌లో వేవ్‌ఫార్మ్ ఆప్షన్ కొడితే అదే పట్టుకుంటుంది, కంటితో జరపక్కర్లేదు. సింగర్ స్లో మోషన్‌లో పాడాలంటే పాటని రెండింతల వేగంతో ప్లే చేసి 50 ఫ్రేముల్లో తీసి 25 టైంలైన్‌లో సగానికి తగ్గించు, పెదాలు కలుస్తాయి, నడక తేలుతుంది.

ఇప్పుడు నీ పని ఏంటంటే, పరీక్షలున్నాయన్నావు కాబట్టి రీషూట్ సంగతి తర్వాత చూసుకో, హాస్టల్ రూం ఒక్క రాత్రి పని, బీచ్ ఒక్క తెల్లవారుజాము పని, ఎప్పుడైనా చెయ్యొచ్చు. ముందు రెండో చరణం ఒక్కటే కొత్త టైంలైన్‌లో మళ్ళీ కట్ చెయ్, లట్ లేకుండా, ట్రాన్సిషన్లు లేకుండా, పాడిన మాటలు వింటూ. అది నాకు పంపు. అమ్మగారి షాట్‌కి మేకింగ్ బిట్స్‌లో ఉన్న కాపీ వాడకు, అది ఎక్స్‌పోర్ట్ అయ్యి నలిగిపోయి ఉంది, కార్డు నుంచి తీసిన అసలు ఫైల్ వెతుకు, దొరకగానే రెండు చోట్ల కాపీ పెట్టు, కార్డు ఫార్మాట్ చెయ్యకు. ఆ ఫైల్ సౌండ్ కూడా తీసెయ్యకు, బస్సు హారన్ అందులో ఉంది, ఫ్లూట్ కింద చాలా చిన్నగా ఉంచు, ఆవిడ తలెత్తే ముందు ఒక్కసారి వినిపించాలి.